నీలం, పుష్యరాగం కొనేముందు రంగు చూడటం ఎలా

హైదరాబాద్ పత్తర్‌గట్టిలోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో, బషీర్‌బాగ్ షోరూమ్‌లోనో నీలం అడిగితే ఒక పెట్టె తీస్తారు, కనకపుష్యరాగం అడిగితే ఇంకో పెట్టె తీస్తారు. రెండు పెట్టెల్లో ఉన్నదీ ఒకే ఖనిజం. దాని పేరు కొరండం, సరుకు అల్యూమినియం ఆక్సైడ్. వేరే ఏదీ కలవకుండా స్ఫటికమైతే అసలు రంగే ఉండదు, దాన్నే తెల్ల పుష్యరాగం అని అమ్ముతారు. ఇనుము, టైటానియం జంటగా చేరితే నీలం. టైటానియం తోడు లేకుండా ఇనుము ఉంటే పసుపు. క్రోమియం కొద్దిగా చేరితే గులాబీ, బాగా చేరితే ఎరుపు, అప్పుడది కెంపు. క్రోమియంతో పాటు నీలాన్నిచ్చే జంట కూడా ఉంటే ఊదా. నీలం, పసుపు రెండూ ఒకే రాయిలో కలిసిపోతే ఆకుపచ్చ.

కొనేవాళ్ళకి ఈ రసాయనం ఎందుకంటే, రంగు ఏ దారిన పుట్టిందో దాన్నిబట్టే దాన్ని మార్చే పద్ధతి ఉంటుంది, మోసం చేసే పద్ధతీ ఉంటుంది. నీలంలో వెతకాల్సిన తేడా పుష్యరాగంలో ఉండదు. పుష్యరాగంలో భయపడాల్సింది నీలంలో అంతగా రాదు. అందుకే ముందు రంగు చూడాలి, తర్వాత ఆ రంగుకు తగిన ప్రశ్న అడగాలి. ఏ రాయి ఎవరి జాతకానికి నప్పుతుందో సిద్ధాంతిగారు చెబుతారు. ఆ రాయి అసలుదా కాదా అన్నది మాత్రం ఆయన తేల్చే విషయం కాదు.

వెలుతురు, కాగితం, పట్టకారు

ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు వెళ్ళండి. మబ్బు పట్టిన రోజు, సాయంత్రం, రాత్రి షాపింగ్‌లో రంగు తేల్చుకోవద్దు. వెంట ఒక తెల్ల ఏ4 కాగితం, 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే భూతద్దం), చిన్న ఎల్‌ఈడీ టార్చి తీసుకెళ్ళండి. షోరూమ్ దీపాలు అబద్ధం చెప్పవు గానీ, అమ్మేవాళ్ళ పక్షాన మాట్లాడతాయి. తెల్లటి చల్లని ఎల్‌ఈడీ కింద నీలం మెరిసిపోతుంది. పసుపు వెచ్చటి బల్బు కింద పుష్యరాగం, గులాబీ రాళ్ళు నిండుగా కనిపిస్తాయి. కాబట్టి ఏ రాయినైనా దానికి అనుకూలం కాని వెలుతురులో కూడా చూపించమనండి. నీలాన్ని పసుపు బల్బు కింద, పుష్యరాగాన్ని పగటి నీడలో. రెండు చోట్లా నచ్చితేనే ముందుకెళ్ళాలి.

పగటి వెలుతురంటే ఎండ కాదు. నేరుగా ఎండ పడితే ముదురు నీలం కూడా లేత నీలంలా నవ్వుతుంది. షాపు గుమ్మం దగ్గర నీడ పట్టు, లేదా ఉత్తరం వైపు కిటికీ సరైన చోటు. పక్కన రంగు గోడ, ఎర్ర పరదా, మీ పట్టుచీర ఏదున్నా ఆ రంగు రాయిలోకి దిగుతుంది.

ముందు రాయిని మెత్తటి బట్టతో తుడవండి, వేలి జిడ్డు కాంతిని మింగేస్తుంది. తర్వాత కాగితం మీద వెడల్పాటి ముఖం పైకి ఉండేలా పెట్టి అడుగు దూరం నుంచి చూడండి. వేళ్ళ సందున పట్టుకుని చూపిస్తే ఒప్పుకోవద్దు, చర్మం రంగు రాయికి వెచ్చటి ఛాయ తెస్తుంది, కింద కారిపోయే కాంతిని కూడా కప్పేస్తుంది. ఇప్పుడు పట్టకారుతో పట్టి అటూ ఇటూ మెల్లగా ఊపండి. మూడు విషయాలు గమనించాలి.

ఒకటి, కిటికీ. రాయి నడిమధ్య రంగు వెలిసిపోయి అడుగు కనిపిస్తుంటే సాన లోతు చాల్లేదని అర్థం. అచ్చు అక్షరాలున్న కాగితం మీద పెడితే రాయిలోంచి అక్షరాలు చదవగలుగుతారు. అడుగు కోణం తక్కువైతే కాంతి వెనక్కి తిరగకుండా కిందికి జారిపోతుంది. బరువు పోగొట్టుకోవడం ఇష్టంలేక సానపట్టేవాళ్ళు ఇలా వదిలేస్తారు. చిన్న కిటికీ ఉంటే ధర తగ్గించమనండి. ముఖంలో మూడో వంతు కిటికీ అయితే వదిలేయండి.

రెండు, నల్ల మచ్చలు. ఊపుతున్నప్పుడు కొన్ని చోట్ల చీకటి రావడం మామూలే. సగం పైన ఎప్పుడూ నల్లగానే ఉంటే ఆ రాయి మీ వేలి మీద కూడా నల్లగానే ఉంటుంది.

మూడు, రంగు పంపకం. రాయిని తలకిందులు చేసి తెల్ల కాగితం మీద పెట్టండి. శ్రీలంక రాళ్ళలో చాలాసార్లు రంగు ఒక మూలే ఉంటుంది. సానపట్టేవాళ్ళు నేర్పుగా ఆ రంగు చుక్కను అడుగు మొనలో ఉంచుతారు, పైనుంచి చూస్తే రాయంతా నీలంగానే కనిపిస్తుంది. ఇది మోసం కాదు, పనితనం. కానీ చుక్క మధ్యలో లేకుండా పక్కకి జరిగితే, కొంచెం వంచగానే ఒక వైపు తెల్లబోతుంది. ఇలాంటి రాయిని తర్వాత మళ్ళీ సానకిస్తే రంగే పోతుంది, అందుకే "కిటికీ ఉంది, సాన పెట్టిస్తే సరిపోతుంది" అన్న మాట ఇక్కడ చెల్లదు.

నీలం

నీలంలో ధరనిచ్చేది లేతదనం కాదు, ముదురుతనమూ కాదు. మధ్యస్థం నుంచి కాస్త ముదురు వరకు ఉండి, బూడిద లేకుండా నిండైన రంగు కావాలి. కొద్దిగా ఊదా వైపు వంగితే మంచిదే. ఆకుపచ్చ వైపు వంగితే ధర తగ్గాలి. నీలాన్ని ఏ దిక్కునుంచి చూస్తారో దాన్నిబట్టి రెండు రంగులు కనిపిస్తాయి, ఒక దిక్కున ఊదా కలిసిన నీలం, ఇంకో దిక్కున ఆకుపచ్చ కలిసిన నీలం. బాగా సానపెట్టిన రాయి పైముఖంలో మొదటిది కనిపిస్తుంది. పైనుంచే పచ్చదనం కనిపిస్తే స్ఫటికాన్ని బరువు కోసం అడ్డంగా కోశారని అనుమానించండి. యంత్రంలో చేసిన నీలాల్లో కూడా ఇది తరచూ కనిపిస్తుంది.

ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ నీలాల్లో ఇనుము ఎక్కువ. అందుకే చాలామటుకు సిరా రంగులో ఉంటాయి, సాయంత్రానికి నల్లగా మారతాయి. చౌకగా వస్తాయి. పగలు చూసి ముచ్చటపడి కొన్నవాళ్ళు పెళ్ళి రిసెప్షన్‌లో వేలు చూసుకుని నిరుత్సాహపడేది వీటితోనే.

"కాశ్మీర్ నీలం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. కాశ్మీర్‌లోని పాడర్ ప్రాంతంలో 1880ల మొదట్లో బయటపడిన ఆ గని మేలైన సరుకు కొద్ది ఏళ్ళలోనే అయిపోయింది. ఆ రాళ్ళ మఖమల్ మెత్తదనానికి కారణం లోపల కంటికి ఆనని సన్నటి రేణువులు కాంతిని చెదరగొట్టడం. నిజంగా అక్కడిదైతే పేరున్న ల్యాబ్ రిపోర్టుతో వేలంపాటకి పోతుంది, పొట్లంలో చుట్టి మీ ముందుకు రాదు. ఏ దేశపు రాయి అన్నదానికి నోటిమాట మీద ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వొద్దు. "సిలోన్" అన్న మాట మన బజార్లో ఊరి పేరు కంటే రంగు పేరుగానే చెలామణి అవుతోంది.

ఇక అడగాల్సిన ప్రశ్న. "సేఠ్, ఇది హీట్ చేసిందా, నాన్-హీటా?" అనే అడగండి, సూటిగా. బజార్లో దొరికే నీలాల్లో ఎక్కువ భాగం వేడి చేసినవే. పాలలా మసకగా ఉండే శ్రీలంక గ్యూడా రాళ్ళను 1500 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలిమిలో పెడితే లోపలి టైటానియం కరిగి స్ఫటికంలో కలిసి నీలం పుడుతుంది. ఈ రంగు శాశ్వతం. హీట్ చేసిన రాయి కొనడం తప్పు కాదు, నాన్-హీట్ ధరకి కొనడం తప్పు.

వట్టి వేడి చేయడంతో సరిపెట్టని రకాలు మూడున్నాయి. టైటానియం పూసి కాల్చినవి: రంగు పైపొరలోనే ఉంటుంది, సాన పెట్టిస్తే వెలిసిపోతుంది. తెల్ల గిన్నెలో నీళ్ళు పోసి రాయిని ముంచి, కింద టార్చి వెలిగిస్తే ముఖాల అంచుల వెంట రంగు గీత గీసినట్టు ముదురుగా కనిపిస్తుంది. కోబాల్ట్ గాజు నింపినవి: పగుళ్ళలో నీలి గాజు దూర్చినవి. పెద్ద సైజు, కరెంటు నీలం, నమ్మలేనంత చౌక. లూప్‌లో పగుళ్ళ వెంట రంగు పేరుకుని, గాలి బుడగలతో దొరుకుతాయి. మూడోది యంత్రపు నీలం. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లో ప్రకటించిన మంట పద్ధతిలో ఇప్పటికీ కుప్పలుగా తయారవుతోంది. నీళ్ళ గిన్నెలో ముంచి చూస్తే దీని రంగు చారలు వంపు తిరిగి ఉంటాయి. భూమిలో పెరిగిన రాయి చారలు ఎప్పుడూ తిన్నగా ఉంటాయి, మలుపు వస్తే కోణంగా తిరుగుతాయి, వంగవు. ఈ ఒక్క గుర్తు కళ్ళకి అలవాటైతే చాలా డబ్బు మిగులుతుంది. కాకపోతే చారలే కనిపించనంత శుభ్రమైన రాయి అయితే ఈ పరీక్ష ఏమీ చెప్పదు, ల్యాబ్‌కి పంపాల్సిందే.

కనకపుష్యరాగం

హైదరాబాద్‌లో ఎక్కువ గందరగోళం జరిగేది ఈ రంగులోనే, ఎందుకంటే పుష్యరాగం అనే పేరు మీద మూడు నాలుగు రాళ్ళు తిరుగుతుంటాయి. టోపాజ్‌ని పుష్యరాగం అంటారు, సునేలా అనే సిట్రిన్‌ని అంటగడతారు, పసుపు గాజు కూడా ఉంటుంది. బిల్లు మీద "పుఖ్‌రాజ్" అని హిందీ పేరు రాస్తే చాలదు, "నేచురల్ యెల్లో సఫైర్" అని రాయించుకోండి. సఫైర్ అంటే ఎర్రటి కెంపు కాక మిగతా అన్ని రంగుల కొరండం.

మంచి పసుపులో గోధుమరంగు, ఆకుపచ్చ ఛాయలు ఉండకూడదు. పసుపు స్వతహాగా తేలిక రంగు, కాబట్టి నీలంలో ఉన్నంత ముదురు ఇందులో ఆశించవద్దు. నిమ్మపండు పసుపు నుంచి బంగారు పసుపు దాకా ఏదైనా బాగుంటుంది. లేత రాయిని బంగారంలో పొదిగితే ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. అందుకే పొదిగిన ఉంగరంలో పసుపును అంచనా వేయవద్దు, విడిరాయిగా చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు. 2000 దశకం మొదట్లో థాయ్‌లాండ్ నుంచి బెరీలియం పద్ధతి వచ్చింది. బెరీలియం కలిపి చాలా ఎక్కువ వేడిలో కాలిస్తే ఆ పరమాణువులు రాయిలోకి ఇంకిపోయి పాలిపోయిన రాయి కూడా చిక్కటి బంగారు పసుపుగా, నారింజగా మారుతుంది. బజార్లో "బ్యాంకాక్ పుఖ్‌రాజ్" అని అమ్మే వాటిలో ఇవి ఉంటాయి. చాలాసార్లు రంగు రాయంతా ఇంకి ఉంటుంది గనుక నీళ్ళ గిన్నె పరీక్షకి దొరకదు, లూప్‌కీ దొరకదు. ల్యాబ్‌లో లేజర్‌తో రేణువంత కాల్చి మూలకాలు కొలిస్తే గానీ తేలదు. కాబట్టి 3 క్యారెట్లు దాటిన, చిక్కటి, శుభ్రమైన పసుపు రాయి మీకు నచ్చిందంటే బెరీలియం పరీక్ష చేసిన రిపోర్టు లేకుండా నాన్-హీట్ ధర ఇవ్వొద్దు.

ఇంకో రకం, రేడియేషన్ ఇచ్చి పసుపు తెప్పించినది. ఇది ఎండలో కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో పాలిపోతుంది. అనుమానం ఉంటే, తిరిగి ఇచ్చే గడువు బిల్లు మీద రాయించుకుని, ఇంటికి తెచ్చిన రాయిని తెల్ల కాగితం మీద పసుపు గుండీ పక్కన పెట్టి ఫొటో తీయండి. మేడ మీద మూడు రోజుల ఎండ చూపించి, అదే గుండీ పక్కన, అదే వేళకి మళ్ళీ తీయండి. గుండీ లేకుండా తీస్తే ఫోన్ కెమెరా తనంతట తానే రంగు సర్దేసి మిమ్మల్ని తికమక పెడుతుంది.

మిగతా రంగులు

తెల్ల పుష్యరాగం పూర్తిగా తెల్లగా దొరకడం అరుదు, బూడిద లేదా పసుపు జీర ఉంటుంది. అచ్చమైన నీటిచుక్కలా, పెద్దగా, చౌకగా ఉంటే యంత్రపు రాయని అనుకోండి. ఖరీదైన గడియారాల అద్దాలు చేసేది కూడా యంత్రంలో పెంచిన ఈ కొరండంతోనే. వజ్రంలా ఇంద్రధనుస్సు రంగులు చిమ్మితే అది సఫైర్ కానేకాదు, క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమ రాయి లాంటిది.

గులాబీ రాయిలో అసలు గొడవ హద్దు గురించి. అమ్మేటప్పుడు కెంపు, ల్యాబ్ రిపోర్టులో పింక్ సఫైర్ అయ్యే రాళ్ళు బోలెడు. ధరలో తేడా పెద్దది. కెంపు ధర అడుగుతున్నారంటే రిపోర్టు మీద "రూబీ" అన్న మాట చూసి ఇవ్వండి. ఊదా సఫైర్‌కి పోలిక అమెథిస్ట్‌తో, కింద చెప్పిన తూకం పరీక్ష వెంటనే తేల్చేస్తుంది.

పద్‌పరాద్‌షా, అంటే గులాబీ, నారింజ కలగలిసిన లేత రంగు, సఫైర్లలో అరుదైనవాటిలో ఒకటి. బెరీలియం రాళ్ళు ఈ పేరుతో తిరుగుతాయి. బెరీలియం లేకపోయినా కొన్నిటిలో నారింజ భాగం వెలుతురులో తగ్గిపోయి వట్టి గులాబీ మిగులుతుంది. రంగు నిలకడ పరీక్ష చేసిన రిపోర్టు లేకుండా ఈ పేరుకి డబ్బు పెట్టడం నా లెక్కలో జూదమే.

సగం నీలం, సగం పసుపు ఉండేది పీతాంబరి నీలం. రెండు రంగుల మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటే లూప్ పెట్టి జిగురు అతుకు కోసం వెతకండి. ఆకుపచ్చ సఫైర్ అందరికీ నచ్చదు గనుక అందులోనే మంచి రాయి తక్కువ ధరకి దొరుకుతుంది. పగలు నీలం, బల్బు కింద ఊదాగా మారే సహజమైన రాళ్ళున్నాయి. అయితే అలెగ్జాండ్రైట్ (రంగు మారే వేరే జాతి రాయి) అని చూపించే చౌక రాయి చాలావరకు వనేడియం కలిపిన యంత్రపు కొరండం.

నక్షత్ర నీలాన్ని ఒక్క టార్చి కింద చూడండి. ట్యూబ్‌లైట్ల కింద నక్షత్రం రాదు. టార్చి కదిపితే ఆరు కిరణాలూ కలిసి రాయి మీద జరగాలి. కిరణాలు మరీ పదునుగా, గీసినట్టు ఉండి, అడుగు చదునుగా నునుపు చేసి ఉంటే యంత్రపుది. సహజమైనదానికి అడుగు గరుకుగా, పొట్ట ఉబ్బెత్తుగా ఉండటమే ఎక్కువ.

ఇంట్లో తూకం పరీక్ష

0.01 గ్రాము చూపించే చిన్న కాటా చాలు, రాయి 5 క్యారెట్లకు తగ్గకుండా ఉంటే. చిన్న రాళ్ళకి 0.001 గ్రాము కాటా కావాలి.

1. రాయిని తూచి రాసుకోండి. 5 క్యారెట్ల రాయి 1.00 గ్రాము.
2. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కాటా మీద పెట్టండి. సబ్బు వల్ల రాయికి బుడగలు అంటవు.
3. కాటాని సున్నా చేయండి.
4. రాయిని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచి చేత్తో పట్టుకోండి. అంకె చూడండి.
5. రాయి బరువును ఆ అంకెతో భాగించండి.

సఫైర్ అయితే 4.0 రావాలి, అంటే 1.00 గ్రాము రాయికి కాటా 0.25 చూపించాలి. టోపాజ్‌కి 3.5, సిట్రిన్, అమెథిస్ట్‌లకి 2.65, టాంజనైట్‌కి 3.35, నీలి పేరుతో అమ్మే అయోలైట్‌కి 2.6 చుట్టూ, క్యూబిక్ జిర్కోనియాకి 5.6 పైన వస్తుంది. టోపాజ్ దగ్గరి అంకె గనుక మూడుసార్లు చేసి సరిచూడండి. తప్పు వచ్చేది ఎక్కువగా రాయి అడుగుకి తగలడం వల్ల, లేదా ఫ్యాను గాలికి కాటా ఊగడం వల్ల. ఒక్క మాట గుర్తుంచుకోండి, యంత్రపు సఫైర్ కూడా 4.0 నే చూపిస్తుంది. ఈ పరీక్ష వేరే జాతి రాళ్ళను ఏరేయడానికే.

రిపోర్టు, బిల్లు

అంగడి వాళ్ళు ప్లాస్టిక్ పూత వేసి ఇచ్చే కార్డు ల్యాబ్ రిపోర్టు కాదు. అమెరికా రత్నపరీక్ష సంస్థ జీఐఏకి ముంబైలో ల్యాబ్ ఉంది, జైపూర్‌లో రంగురాళ్ళ పరీక్షకి పేరున్న ల్యాబ్ ఉంది. రాయిని పొదగకముందే పంపించాలి. రిపోర్టులో రంగు పేరు కంటే ట్రీట్‌మెంట్ అన్న వరుస ముందు చదవండి. "నో ఇండికేషన్స్ ఆఫ్ హీటింగ్" అంటే వేడి చేసిన ఆనవాళ్ళు లేవని. ఆ వరుసే ఖాళీగా ఉంటే పరీక్ష చేయలేదని అనుకోవాలి, శుభ్రమైన రాయని కాదు. రిపోర్టు నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, బరువు రెండు దశాంశాల దాకా, కొలతలు మిల్లీమీటర్లలో మీ చేతిలో ఉన్న రాయితో కలవాలి.

బరువు క్యారెట్లలోనే రాయించండి. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. రత్తి లెక్క మనిషికొక రకం. పాత తూకంలో రత్తి 0.12 గ్రాములకు కాస్త ఎక్కువ, రాళ్ళ బజార్లో 0.91 క్యారెట్‌ని రత్తి అంటారు. అంటే "5 రత్తీల రాయి" ఒక చోట 3 క్యారెట్ల చిల్లర, ఇంకో చోట నాలుగున్నర క్యారెట్లు.

ఉంగరం మీది హాల్‌మార్క్ బంగారానికే హామీ, రాయికి కాదు. రాయి బరువు తీసేసి బంగారం నికర బరువు మీదే రేటు, తరుగు లెక్కకట్టించండి. 5 క్యారెట్ల రాయిని బంగారం తూకంలో కలిపేస్తే ఒక గ్రాము బంగారం డబ్బు ఊరికే పోతుంది.

పొదిగాక

సఫైర్ గట్టిదనం 10కి 9, రోజువారీ వాడకానికి తట్టుకుంటుంది. గోరువెచ్చటి సబ్బు నీళ్ళు గానీ, పలుచటి కుంకుడు రసం గానీ, మెత్తటి బ్రష్షు చాలు. గాజు నింపిన రాయికి మాత్రం నిమ్మరసం, చింతపండు, కంసాలి ఆసిడ్ తగలకూడదు, గాజు తినేసి పగుళ్ళు తెల్లగా తేలతాయి. ఉంగరం సైజు మార్చేటప్పుడు ఏ సఫైర్‌నైనా తీయించాకే టంకం పెట్టించండి. వెలిగారం వేడిలో కొరండం పైముఖాన్ని కూడా కొరికేస్తుంది, ఆ మసక మళ్ళీ సాన పెడితే గానీ పోదు. నగల పెట్టెలో దీన్ని విడి సంచిలో ఉంచండి. వజ్రం దీన్ని గీస్తుంది, ఇది పచ్చరాయిని, ముత్యాన్ని గీస్తుంది.